నడుము కొలత – పెద్దప్రేగు కాన్సరు

నాయుడుపేట ప్రాంతమున చాలకాలమునకు కనబడిన బంధువుతో ‘కాస్త ఒళ్ళు చేసినావే’ అనుట నేటికిని మెచ్చుకోలు మాటయే. కరవుకాటకముల నెరిగిన పెద్దలకు కొంచెము పొట్ట కనబడుట ఇంట గాదె నిండియున్నదనుటకు గుర్తు. అందుచేత శరీరపు క్రొవ్వునకును కాన్సరునకును సంబంధము గలదని చెప్పినచో వినువారు వెంటనే నమ్మరు. ‘రాచపుండు వచ్చినవాడు చిక్కి శల్యమగును గాని లావెక్కునా?’ అని ఎదురుప్రశ్న వేయుదురు. ప్రశ్న సహేతుకమైనదే.

రోగి చిక్కుట వ్యాధి ముదిరిన తరువాతి మాట. దానికి నేల సిద్ధమగుట అంతకు ఎన్నియో ఏండ్ల ముందే జరుగును. పెద్దప్రేగు లోపలి పొరపై మొదట చిన్న బుడిపె యొకటి లేచును. దీనిని వైద్యులు పాలిప్ అందురు. వీనిలో అధికభాగము ఎన్నడును కీడు చేయవు. కొన్ని మాత్రము మెల్లగా పెరిగి, స్వభావము మార్చుకొని, సాధారణముగ పదేండ్లో అంతకు మించియో గడచిన పిమ్మట కాన్సరుగా పరిణమించును. ఆ కాలమంతయు ఆ మనిషి ఆరోగ్యవంతుని వలెనే తిరుగుచుండును. బహుశా బంధువులచే ‘ఒళ్ళు చేసినావే’ అనిపించుకొనుచు నుండును కూడ.

ఇక క్రొవ్వు సంగతి. గాదెలోని ధాన్యము వలె అది ఊరక పడియుండునని లోకము తలచినది. శాస్త్రజ్ఞులును చాలకాలము అట్లే తలచిరి. ఆకలిని అదుపుచేయు లెప్టిన్ అను హార్మోను క్రొవ్వుకణములలోనే పుట్టుచున్నదని 1994లో తేలిన తరువాత ఆ అభిప్రాయము నిలువలేదు. క్రొవ్వు ఒక అవయవము. అది రక్తములోనికి ఎల్లవేళల రసాయనములను పంపుచుండును. అందును కడుపులో ప్రేగుల చుట్టును చేరిన క్రొవ్వు, చర్మము క్రిందనున్న దానికంటె చురుకైనది, చెరుపైనది కూడ. అది పెరిగినకొలది శరీరమందు సన్నని తాపము వంటి స్థితి యొకటి విడువక నిలిచియుండును. దానికి జ్వరము లేదు, నొప్పి లేదు. కావున ఎవరికిని తెలియదు.

ఇంతకంటె ముఖ్యమైనది ఇన్సులిను కథ. మనము తిన్న అన్నము చక్కెరయై రక్తమున చేరగనే క్లోమము ఇన్సులినును విడుచును. ఆ చక్కెరను కణములు గ్రహించి శక్తిగా మార్చుకొనుట జీవక్రియలో ప్రధానభాగము. (ఆ శక్తిని కణములందు మోయు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో కనుగొనిన వారిలో భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.) పొట్ట పెరిగినవారిలో కండరములు, కాలేయము ఇన్సులిను మాట సరిగా వినవు. పిలిచిన పలుకని సేవకుని మరింత బిగ్గరగా పిలిచినట్లు, క్లోమము ఇంకను హెచ్చుగా ఇన్సులినును విడుచును. చిక్కు ఇక్కడ నున్నది. చక్కెర విషయమున చెవిటిదైన ఆ శరీరమందే, పెద్దప్రేగు పొరలోని కణములకు మాత్రము ఆ కేక ‘పెరుగుము, ఒకటి రెండగుము’ అను ఆజ్ఞగా వినబడును. ఆ పొర కొలది దినములలోనే పాతబడి క్రొత్తదగుచుండునది. అట్టి చోట, నశింపవలసిన చెడు కణము నశింపక నిలుచుటకు ఈ ఆజ్ఞ తోడ్పడును.

ఎంత తోడ్పడును? బరువును ఎత్తుతో సరిచూచు సూచిక ఐదంకెలు పెరిగినచో పెద్దప్రేగు కాన్సరు వచ్చు అవకాశము పురుషులలో సుమారు 24 శాతము, స్త్రీలలో 9 శాతము హెచ్చునని 2008లో లాన్సెట్ పత్రిక ప్రకటించినది. దీనికి బెదరనక్కరలేదు. పాశ్చాత్య దేశములతో పోల్చినచో మనకు ఈ వ్యాధి చాల తక్కువ. తక్కువదానిలో పావువంతు హెచ్చినను అది తక్కువయే. మమ్ము కలవరపెట్టునది వేరొకటి. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో వెలువడినది. అందు మన దేశపు వయోజనులలో 39.5 శాతమునకు పొట్ట లావు, 11.4 శాతమునకు మధుమేహము ఉన్నట్లు తేలినది. నేల సిద్ధమగుచున్నదన్న మాట.

‘నేను సన్నముగనే ఉన్నాను గదా’ అనువారికి ఒక ఛాయాచిత్రమును చెప్పవలెను. 2004లో పూణే వైద్యుడు యాజ్ఞిక్, ఇంగ్లండు వైద్యుడు యడ్కిన్ ప్రక్కప్రక్కన నిలిచి తీయించుకొని ప్రచురించినది. ఇద్దరి సూచికయు ఒకటే, 22.3. కాని శరీరమున క్రొవ్వు యడ్కినునకు 9.1 శాతము, యాజ్ఞికునకు 21.2 శాతము! సన్నని చేతులు, సన్నని కాళ్ళు, నడుమ బొజ్జ: ఇది మన ఇండ్లలో నిత్యము చూచు రూపమే. కావున మనకు తూకపు యంత్రము కంటె దర్జీవాని టేపు మేలు. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన నడుము, మన దేశస్థులకు హద్దు మీరినట్లు లెక్క.

తిండిని గూర్చి పలువురు చెప్పుదురు. రాగిసంగటిలోని పీచు ప్రేగునకు మేలు చేయునని మాత్రము చెప్పి విడిచెదము. పని సంగతి వేరు. స్వర్ణముఖి ఆయకట్టున కోతలకు యంత్రములు వచ్చినవి. ఊరిలో నాలుగడుగుల దూరమునకును మోటారు సైకిలే. నడక ఇన్సులిను పిలుపును కండరములకు మరల వినిపించును. 2025లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి గలదు. పెద్దప్రేగు కాన్సరునకు చికిత్స ముగిసిన 889 మందిలో, క్రమముగ మూడేండ్లు వ్యాయామము చేయించిన వారికి వ్యాధి తిరుగబెట్టుటయో, మరణమో సంభవించుట 28 శాతము తగ్గినది. మందు బిళ్ళకు ఈ ఫలితము వచ్చినచో ఎంత వెల కట్టియుందురో!

కడపట ఒక మాట. మలమున రక్తము కనబడినచో మనవారు మూలశంక యని తామే తేల్చుకొని, నాటుమందుతో నెలలు గడుపుదురు. చాలసార్లు అది మూలశంకయే. కాని నలుబది దాటినవారికి రక్తముతోపాటు విరేచనపు అలవాటు మారుట, కారణము లేక బరువు తగ్గుట, రక్తహీనత యున్నచో పరీక్ష చేయింపవలెను. తిరుపతిలో 1993 నుండి స్విమ్స్ ఆసుపత్రి, దక్షిణమున చెన్నైలో 1954 నుండి అడయారు కాన్సరు సంస్థ ఉన్నవి. నాయుడుపేట నుండి రెంటికిని ఉదయము బయలుదేరి పోవచ్చును. సన్నని గొట్టముతో ప్రేగు లోపల చూచు ఆ పరీక్షలో చిన్న పాలిప్ కనబడినచో, అది కాన్సరు కాకముందే ఆ గొట్టము గుండనే త్రుంచివేయుదురు. పొట్టపై కోత యుండదు, కుట్లుండవు. రోగి సాధారణముగ ఆనాడే ఇల్లు చేరును.