పంపినవారి పేరు

పోస్టులో కవరు రాగానే ముందు ఫ్రమ్ అడ్రసు చూస్తాం. ఈమెయిల్ వచ్చినా చూపు మొదట ఆగేది పంపినవారి పేరు మీదే. తెలిసిన పేరైతే తెరుస్తాం, కాకపోతే తీసేస్తాం.

1971లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో రే టామ్లిన్సన్ పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య అర్పానెట్ అనే నెట్‌వర్క్ మీదుగా ఈమెయిల్ పంపారు. మనిషి పేరుకీ యంత్రం పేరుకీ మధ్య @ గుర్తు పెట్టింది ఆయనే. పైన ‘ఫ్రమ్’, ‘సబ్జెక్ట్’, ‘డేట్’ అని రాసే పద్ధతిని 1973లో ప్రతిపాదించిన నలుగురిలో ఆయనతోపాటు ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి అభయ్ భూషణ్ కూడా ఉన్నారు.

1982లో జాన్ పోస్టెల్ ఉత్తరాన్ని ఎలా మోయాలో, డేవిడ్ క్రాకర్ ఉత్తరం ఎలా ఉండాలో రెండు వేర్వేరు పత్రాల్లో రాశారు. దాంతో పంపినవారి చిరునామా రెండు చోట్ల చేరింది. కవరు మీదిది సర్వర్ల కోసం. ఉత్తరం చేరకపోతే తిరిగొచ్చేది అక్కడికే. లోపలిది మన కోసం. ఆ పద్ధతిలో రెండూ ఒకటేనా అని మోసే యంత్రం అడగదు.

మనుషులు రాసుకున్నంత కాలం ఇది పెద్ద ఇబ్బంది కాలేదు. వెబ్‌సైట్లే రసీదులూ పాస్‌వర్డులూ పంపడం మొదలెట్టాక తేడా వచ్చింది. సర్వర్‌లో ప్రోగ్రామ్ నడిచేది ‘అపాచీ’, ‘నోబడీ’ లాంటి ఖాతాల కింద. పేరు ఫలానా అని చెప్పకపోతే ఆ ఖాతా పేరే ఉత్తరం మీదికి ఎక్కేది. వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్‌లో ఏమీ మార్చకపోతే ఇప్పటికీ పంపినవారి పేరు ‘వర్డ్‌ప్రెస్’ అనే ఉంటుంది.

నేను ఒక చిన్న గ్రంథాలయం సైటు చూసిపెట్టేవాణ్ణి. చందా గడువు మెయిళ్లు వెళ్లిన రోజున ఒక పెద్దాయన ఫోన్ చేశారు. “ఏం బాబూ, ఎవరిదో తెలియని పేరుతో డబ్బు కట్టమని వచ్చింది. మోసమేమోనని తీసేశాను” అన్నారు. ఆయన చేసింది సరైన పని. తప్పు నాది, పేరు గడిని ఖాళీగా వదిలేశాను.

సరే, తెలుగులోనే పేరు పెడదామనుకున్నాను. పాత ఈమెయిల్‌లో ‘ఫ్రమ్’, ‘సబ్జెక్ట్’ ఉండే పై భాగానికి ఇంగ్లిషు అక్షరాలే తెలుసు. వేరే లిపులకు దారి దొరికింది 1992లో. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు. అవి నాలుగేసి ఇంగ్లిషు గుర్తులుగా మారి ప్రయాణిస్తాయి. ‘లక్ష్మి’ మనకు రెండక్షరాలే, యంత్రానికి ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. అంటే ఇరవై ఎనిమిది గుర్తులు. ఇలా మారిన పేరులో ఒక్కో ముక్క 75 గుర్తులు దాటకూడదు కాబట్టి, కాస్త పొడవైన పేరును తుంచక తప్పదు.

ఇంకో పొరపాటు మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది. సైటులో ఫారం నింపిన పాఠకుడి చిరునామానే ‘ఫ్రమ్’లో పెడతారు, జవాబివ్వడం సులువని. కానీ ఆ ఉత్తరం పంపింది ఆయన సర్వర్ కాదు. 2014లో యాహూ తన పేరుతో బయటి సర్వర్లు పంపే ఉత్తరాలను తిరస్కరించమని ప్రకటించింది. 2024 నుంచి పెద్దఎత్తున పంపేవారికి జీమెయిల్ కూడా కట్టుదిట్టమైన నిబంధనలు పెట్టింది. పాఠకుడి చిరునామా ఉండాల్సింది ‘రిప్లై-టు’లో, ‘ఫ్రమ్’లో సైటు సొంత డొమైనే ఉండాలి. ఈ తనిఖీలన్నీ చిరునామాకే. పక్కనున్న పేరు నిజమో కాదో ఇవి చూడవు, అది చాలావరకు రాసేవాడి నిజాయితీకే వదిలేశారు.

మా గ్రంథాలయం పేరు రెండు ముక్కలైంది. పెద్దాయన ఫోన్‌లో మాత్రం అతుకు కనబడకుండా ఒకే పేరుగా వచ్చింది.