ఇంటింటి లెక్కకు వచ్చు విద్యార్థులు – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

కళాశాలలకు సెలవులిచ్చిన దినములలో ఒక యువకుడో, యువతియో ప్రశ్నల పట్టిక చేతబట్టుకొని గ్రామమునకు వచ్చుట పంచాయతీ సభ్యులలో పలువురు చూచియే యుందురు. ఇంట ఎందరున్నారు, భూమి ఎంత, అప్పు ఎంత, గడచిన నెలలో తిండికి ఏమి ఖర్చయినది అని వారు అడుగుదురు. వీరెవరు? ఈ వివరములు ఎందులకు? వీరి యెడ మనము చేయవలసినదేమి? ఈ సంగతులను సభ్యులకు తెలుపదలచితిమి.

వీరెవరు?

వీరిలో ఎక్కువమంది విశ్వవిద్యాలయముల పరిశోధనలలో కొన్ని గంటలకో, కొన్ని నెలలకో కుదిరిన సహాయకులు. ఎం.ఏ. చదువుచున్నవారును, చదువు ముగించి ఉద్యోగమునకై చూచుచున్నవారును ఇందుండురు. వీరు ప్రభుత్వాధికారులు కారు. రేషను కార్డు ఇప్పించు అధికారము గాని, తీసివేయు అధికారము గాని వీరికి లేదు. పేదరికము ఎక్కడ నున్నది, ఏల తగ్గుచున్నది, ఏల తగ్గకున్నది అని తెలిసికొనుటయే వీరి పని.

ఈ పని క్రొత్తది కాదు. చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో నున్న కాలముననే, మద్రాసు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యుడైన గిల్బర్టు స్లేటరు తన విద్యార్థులచే గ్రామముల స్థితిగతులను వ్రాయించి, 1918లో గ్రంథముగా వెలువరించెను. 1975లో ఇక్రిశాట్ సంస్థవారు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె, డోకూరు గ్రామములలో తమ మనుష్యులను కాపురముంచి, కుటుంబముల ఆదాయ వ్యయములను వ్రాయించిరి.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లోను, శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము 1983లోను నెలకొనినవి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారి 'యంగ్ లైవ్స్' పరిశోధనలో ఇంటింటి సర్వేకు ఈ మహిళా విశ్వవిద్యాలయము భాగస్వామి. 2002లో మొదలైన ఆ పరిశోధన ఇథియోపియా, పెరూ, వియత్నాములతోపాటు మన తెలుగు జిల్లాలలోను జరిగినది. ఇచ్చట కడప, అనంతపురము మున్నగు జిల్లాలలో సుమారు 3,000 మంది పిల్లలను ఎన్నుకొని, కొన్నేండ్ల కొకమారు ఆ పిల్లలనే మరల మరల కలిసికొనుచు వచ్చిరి. 1994–95లో పుట్టినవారు కొందరు, 2001–02లో పుట్టినవారు కొందరు. చిన్ననాటి లేమి పెద్దయిన పిమ్మట మనిషిని ఎంతవరకు వెంబడించునో తెలియుటకు ఇంతకన్న వేరు మార్గము లేదు.

పేదరికము వేరు, అసమానత వేరు

పది యిండ్లు గల రెండు పల్లెలను తలంపుడు. మొదటి పల్లెలో ప్రతి యింటికిని సాలుకు లక్ష రూపాయలు వచ్చును. రెండవ పల్లెలో ఒక యింటికి అయిదున్నర లక్షలు, తక్కిన తొమ్మిదిండ్లకు ఏబదివేల చొప్పున వచ్చును. కూడి చూచిన రెండును పదేసి లక్షలే, సగటు లక్షయే. సగటును మాత్రమే చూచువానికి రెండు పల్లెలును ఒక్కటిగానే కనబడును. తొమ్మిదిండ్ల కష్టము ఆ లెక్కలో మరుగుపడును. ఇంటింటికి పోయి అడుగుటకు కారణమిదియే.

ఒక్క యింటిలో సైతము అసమానత ఉండవచ్చును. కొడుకును డబ్బు కట్టు బడికి పంపి, కూతును ఇంటిపనికి నిలుపుట, భూమియంతయు మగవారి పేరనే ఉండుట ఇట్టివి. అందుచేత ఇంటి పెద్దనే గాక స్త్రీలనుగూడ ప్రత్యేకముగా అడుగుదురు.

పల్లెలలో ఆదాయము నెలజీతమువలె రాదు. వేరుసెనగ పండిన ఏడు ఒక రీతి, వాన తప్పిన ఏడు మరియొక రీతి. కావున ఆదాయముతోపాటు వాడుకనుగూడ లెక్కింతురు. సంగటికి వాడిన రాగులు తన చేనివే యైనను, పిల్లలు త్రాగిన పాలు తన పాడివే యైనను వాటికి విలువ కట్టుదురు. "కొనలేదు గనుక చెప్పనక్కర లేదు" అనుట పొరపాటు.

ఇండ్లను ఏరుట ఎట్లు?

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టిచూచిన చాలునందురు. కాని ఊరు అన్నపుకుండ వంటిది కాదు. పెద్దవీధి ఒక తీరున, దళితవాడ ఒక తీరున, పొలిమేరనున్న గుడిసె ఒక తీరున ఉండును. అందువలన మొదట ఇండ్లన్నిటి జాబితా వ్రాసి, పిమ్మట చీటీలు తీసినట్లు ఏరుదురు. చీటిలో వచ్చిన యింటికి పోవలసినదే. దగ్గరనున్నదని ప్రక్కయింటిని చేర్చుకొనరాదు.

మేము ఈ పనిలో తిరిగిన కాలమున ఒక గ్రామమునందు చివరి యిల్లు చీటిలో వచ్చినది. దారి చూపుటకు వచ్చిన పెద్దమనిషి "ఆ యింట ఎవరును లేరు, తాళము వేసియున్నది" అనెను. ఆయన అబద్ధమాడలేదు; పగలు తాళమే యుండెను. మరునాడు తెల్లవారకముందే పోయితిమి. ఒక వృద్ధురాలు మనుమరాలికి అన్నము పెట్టుచుండెను. కొడుకును కోడలును కట్టడపు పనికి బెంగుళూరు పోయిరి. ఆమె పొద్దు పొడవకమున్నే కూలికి పోయి, చీకటిపడిన పిమ్మట తిరిగివచ్చును. "నన్ను అడుగుటకు ఎవరును రాలేదు నాయనా" అనెను. మేము ప్రక్కయింటితో సరిపెట్టుకొనియుండినచో, ఆ యూరిలో అందరికన్న పేదయిల్లు లెక్కనుండియే జారిపోయి యుండెడిది.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

1. వచ్చినవారి గుర్తింపు పత్రమును, విశ్వవిద్యాలయపు లేఖను చూడుడు. బ్యాంకు రహస్య సంఖ్యను గాని, ఫోనుకు వచ్చిన ఓటీపీని గాని అడుగువారు పరిశోధకులు కారు.

2. ఊరిలోని వాడలు, శివారు పల్లెలు, వలసపోయినవారి యిండ్లు అన్నియు జాబితాలో చేరునట్లు చూడుడు. ఏ యింటికి పోవలెనో మాత్రము మీరు నిర్ణయింపకుడు.

3. "తక్కువ చెప్పిన సాయము వచ్చును" అనియు, "ఎక్కువ చెప్పిన కార్డు పోవును" అనియు జనులు భయపడుదురు. ఈ లెక్కవలన ఎవరికిని కార్డు రాదు, పోదు అని నిజము చెప్పుడు. ఇష్టము లేనివారు జవాబు చెప్పక పోవచ్చును.

4. ప్రశ్నలడుగునపుడు ప్రక్కన నిలువకుడు. పెద్దల యెదుట కూలివాడు తన అప్పును, అప్పిచ్చినవాని పేరును నోరువిప్పి చెప్పలేడు. పరిశోధకులును ఆ పేర్లను అచ్చులో బయటపెట్టరాదు.

5. మీ గ్రామమున చదువుకొన్న యువతులుండిన, ఇట్టి పని కలదని తెలుపుడు. స్త్రీలు స్త్రీలతో మనసిచ్చి మాట్లాడుదురు.

6. ఫలితములను తెలుగులో సంగ్రహముగా పంపుడని విశ్వవిద్యాలయమును కోరి, గ్రామసభలో చదివింపుడు.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల కొరకు 29 విషయములను పేర్కొన్నది. అందు పేదరిక నిర్మూలన కార్యక్రమము ఒకటి. కావున ఈ లెక్క విద్యార్థి పరీక్ష కొరకే కాదు, మన పంచాయతీ ప్రణాళికకును పనికివచ్చునది. లెక్కలో లేని యిల్లు ప్రణాళికలోనికి రాదు. ఈ మారు ప్రశ్నల పట్టికతో ఎవరైన మీ గ్రామమునకు వచ్చినపుడు, వారికి ముందుగా ఊరి చివరి యింటికి దారి చూపుడు.