కాఫీ పూల వాసన, తేనెటీగ బుర్ర

అరకులో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్క మంచి వాన పడితే వారం పది రోజుల్లో కాఫీ తోట తెల్లబడుతుంది. సిల్వర్ ఓక్ నీడన కొమ్మకొమ్మకూ మల్లెల్లాంటి పూలు, వాటి మీద తేనెటీగలు. ఆ వాసన ఈగకు రేపటిదాకా గుర్తుంటుందా? ఉంటుంది. కాఫీ మకరందంలో పిసరంత కెఫీన్ ఉంటుంది. 2013లో ఇంగ్లండ్ న్యూకాజిల్ పరిశోధకులు ఒక వాసన చూపిస్తూ, ఆ మోతాదునే చక్కెర నీళ్లలో కలిపి యూరప్ జాతి ఈగలకు పట్టారు. 24 గంటలయ్యాక ఆ వాసనను గుర్తుపట్టినవి, ఉత్త చక్కెర నీళ్లు తాగినవాటికి మూడు రెట్లు.

అంత చిన్న ప్రాణికి బుర్రెక్కడిదంటారా? నువ్వుగింజకన్నా చిన్న మెదడులో సుమారు 10 లక్షల నాడీకణాలు. మనకు 8,600 కోట్లు. దానిది ఒక్క బియ్యపు గింజ అనుకుంటే మనది రెండు కిలోలకు కాస్త తక్కువ.

ఆ కణాలు ఒకదానికొకటి కబురంపుకునే రసాయనాల్లో డోపమైన్ ఒకటి. కబురందుకునే చోటు పేరు గ్రాహకం, తాళంకప్ప లాంటిది. డోపమైన్ అనే తాళంచెవి ఒకటే అయినా మనకూ ఎలుకకూ ఐదు రకాల కప్పలున్నాయి. ఏది తెరుచుకుంటే ఆ పని జరుగుతుంది. అందుకే దీన్ని ‘ఆనంద రసాయనం’ అనేస్తే నాకు మింగుడుపడదు. తేనెటీగకు దెబ్బ నుంచి పాఠం నేర్పేది డోపమైనే.

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో ఈగకు ఒక వాసన చూపిస్తూ చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. కొన్నిసార్లయ్యాక వాసన తగిలితే చాలు, అది ముల్లు బయటపెట్టింది. కానీ రాణి ఈగ వాసన పీల్చిన పసి ఈగలు ఆ పాఠం నేర్వలేకపోయాయి. రాణి స్రావంలో డోపమైన్‌ను పోలిన పదార్థం ఒకటుంది. రాణికి సేవ చేసే వయసులో ఆమె అంటే చేదు పుట్టకుండా చూసే ఏర్పాటన్నమాట. ఈ సంగతి 2007లో అచ్చయింది.

డోపమైన్ పనిలో తలదూర్చేది రాణి స్రావం ఒక్కటే కాదు, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను కూడా. దాన్ని చూడాలంటే ఎలుక దగ్గరికి వెళ్లాలి. ఆడ ఎలుకలో ఈ హార్మోను నాలుగైదు రోజులకోసారి పెరిగి తగ్గుతుంది. అరకు శుక్రవారం సంత మళ్లీ వచ్చేలోపే ఒక చుట్టు పూర్తి. సంతలో ఉప్పు కొట్టును కొందరు ‘చింతచెట్టు పక్కది’ అని గుర్తుపెట్టుకుంటారు, కొందరు ‘రెండో మలుపులో కుడికి’ అని. ఈస్ట్రోజెన్ ఎక్కువున్న ఎలుకలు మొదటి దారి, తక్కువున్నవి రెండో దారి పడతాయి. డోపమైన్ తాళంకప్పలను మందుతో మూసేస్తే, మలుపులు లెక్కపెట్టేవి చింతచెట్టు కోసం చూడటం మొదలెట్టాయి. ఈస్ట్రోజెన్ నిండుగా ఉన్నవాటి పద్ధతి మాత్రం మారలేదు.