48 వికెట్ల డాక చెయ్యి

బోధన్ శక్కర్‌నగర్‌లో మొన్నొక సాయంత్రం పిల్లలు టెన్నిస్ బంతితో ఆడుతుంటే ఆగి చూశాను. పన్నెండేళ్ల పిల్లాడొకడు ఎడమచేత్తో, మణికట్టు తిప్పి బంతి వేస్తున్నాడు. రెండు బంతులు గిర్రున తిరిగాయి. మూడోది జారి బ్యాటర్ తల మీదుగా పోయింది. "ఏయ్ డాకోడా, సక్కగ ఎయ్‌రా!" అని వికెట్ల వెనకనుంచి అరుపు. నాలుగోది సక్కగానే వేశాడు. ఆ బంతిని వెతకడానికి పావుగంట పట్టింది.

ఆ అరుపుతో ముంతాజ్ హుస్సేన్ గుర్తొచ్చాడు.

1966-67లో రోహింటన్ బారియా టోర్నీలో, అంటే దేశంలోని విశ్వవిద్యాలయాల పోటీల్లో, ఉస్మానియా జట్టు ఎడమచేతి స్పిన్నర్ ముంతాజ్ 48 వికెట్లు పడగొట్టాడు. మామూలు ఎడమచేతి స్పిన్నర్ వేళ్లతో తిప్పితే బంతి కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా జరుగుతుంది. మణికట్టుతో తిప్పితే లోపలికి దూసుకొస్తుంది. ముంతాజ్ రెండూ వేసేవాడు, గూగ్లీ అదనం. అన్నిటికీ ఒకటే యాక్షన్. చెయ్యి చూసి ఏ బంతో చెప్పడం ఎవరి తరం?

హైదరాబాద్ రంజీ జట్టుకు వచ్చాక ఆ మాయ అటకెక్కింది. మణికట్టు స్పిన్నంటే పరుగులు ధారాళంగా పోతాయని పెద్ద క్రికెట్‌కు భయం. ముంతాజ్ వేళ్లతో తిప్పే పొదుపైన బౌలర్‌గా మారాడు. వికెట్లు తీశాడు, పేరూ వచ్చింది. ఇండియా టోపీ మాత్రం రాలేదు.

ఎక్కడినుంచి వస్తుంది? సరిగ్గా అదే సీజన్‌లో, 1966 ఆఖరి రోజున, కలకత్తాలో ఎడమచేతి వేళ్ల స్పిన్నర్ బిషన్ బేడీ తొలి టెస్టు మొదలుపెట్టాడు. మొత్తం 67 టెస్టులాడి 266 వికెట్లు తీశాడు. అదే రకం స్పిన్‌తో రంజీల్లో 637 వికెట్లు తీసిన రాజిందర్ గోయల్‌కే ఒక్క టెస్టు దక్కలేదు. తనొక్కడే నడిచే బాట వదిలేసి ముంతాజ్ వెళ్లి నిలబడ్డది ఆ వరసలో! ఎడమచేతి మణికట్టు స్పిన్నర్ ఇండియా తరఫున టెస్టు ఆడటానికి 2017 మార్చి దాకా ఆగాల్సొచ్చింది. ధర్మశాలలో కుల్దీప్ యాదవ్ తొలి ఇన్నింగ్స్‌లోనే ఆస్ట్రేలియాపై 4 వికెట్లు తీశాడు.

చెరకు తెలిసిన మా బోధనోళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఏ చేను గడ నరికి పంపినా మిల్లులోంచి వచ్చేది ఒకటే తెల్ల చక్కెర. బెల్లం అట్ల కాదు, ఏ ఊరిది ఆ ఊరి రుచి. పెద్ద క్రికెట్ ముంతాజ్‌ను ఆ మిల్లులోనే వేసింది.

నిజామాబాద్, బోధన్ కోచ్ సాబ్‌లకు ఒక్క మనవి. మీ నెట్స్‌కు డాక చెయ్యి పిల్లాడెవడైనా మణికట్టు తిప్పుకుంటూ వస్తే, నాలుగు ఫోర్లు పోతే పోనీయండి. సక్కగ ఎయ్‌మని మాత్రం అనకండి.