మనసు జబ్బుకు మాట వైద్యం, పక్కన గుర్రం

కర్నూలు, కడప పట్టణాల్లో జట్కాలు తిరిగిన రోజులు మన పెద్దలకు ఇంకా గుర్తే. జట్కా సాయిబు గుర్రానికి ఉలవలు ఉడకబెట్టి పెట్టి, పొద్దుగూకాక మాలీషు చేసేవాడు. ఆటోలు వచ్చాక లాయాలు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు గుర్రం కనబడేది ఎక్కువగా పెళ్లి బారాత్‌లోనే. అలాంటి గుర్రాన్ని మనసు జబ్బుల వైద్యంలోకి తెచ్చారంటే కొందరికి నవ్వు రావచ్చు. కానీ సంగతి ఆలోచించదగినదే.

డెన్మార్క్‌కు చెందిన లిజ్ హార్టెల్‌కు 1944లో పోలియో సోకి మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడ్డాయి. అయినా ఆమె మళ్లీ గుర్రమెక్కి, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో రజత పతకం గెలిచింది. ఆ తర్వాత వికలాంగులకు స్వారీ నేర్పే కేంద్రాలు ఐరోపాలో పెరిగాయి. మనసు వైద్యంలో గుర్రం పాత్ర అటు తర్వాతది. 1999లో అమెరికాలో ఏర్పడిన ఈగాలా సంస్థ పద్ధతిలో రోగిని గుర్రం ఎక్కించరు. నేలమీదే దాని దగ్గరికి వెళ్లడం, నిమరడం, నడిపించడం. మానసిక చికిత్సకుడొకరు, గుర్రాల స్వభావం తెలిసిన వారొకరు వెంట ఉంటారు.

గుర్రం క్రూర మృగాల భయంతో మందగా బతికిన జంతువు. ఎదుటివాడి నడకలో, ఊపిరిలో తేడాను ఇట్టే పసిగడుతుంది. మనిషి బిగుసుకుపోయి దగ్గరికొస్తే పక్కకు జరుగుతుంది, నెమ్మదిస్తే నిలబడుతుంది. మన జట్కా సాయిబులకు ఇది ఎవరూ చెప్పనవసరం లేని విద్య! చికిత్సకుడు అక్కడే అడుగుతాడు: అది ఎందుకు జరిగింది? రోగి ముందు గుర్రం గురించి చెబుతాడు. దానికి భయం వేసిందంటాడు, నమ్మకం కలగలేదంటాడు. కాసేపటికి మాట తన భయం మీదికి, తన ఇంటి మీదికి మళ్లుతుంది. అంటే గుర్రం తలుపు తీస్తుంది, వైద్యం మాత్రం మాటదే.

యుద్ధం నుంచి తిరిగొచ్చి నిద్రపట్టక, ఉలిక్కిపడుతూ బతికే 63 మంది మాజీ సైనికులతో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం వారు ఎనిమిది వారాలు ఇలా చేసి చూశారు. 2021లో ప్రచురించిన ఫలితాల్లో చాలామందికి ఊరట కనిపించింది. అయితే గుర్రం లేకుండా వైద్యం పొందిన వారితో పోల్చి చూడలేదు. కనుక దీన్ని రుజువైన మందు అనలేం. బారాత్ గుర్రం మీద పిల్లవాడిని నాలుగు వీధులు తిప్పితే జబ్బు నయమవుతుందని ఎవరైనా అంటే అసలు నమ్మకండి.

మన ఇళ్లలో కొరత గుర్రానిది కాదు, మాటది. కూతురు నెలల తరబడి గది దాటి రాకపోతే సంబంధాలు చెడిపోతాయని దాస్తాం. కొడుకు ఒంటరిగా మాట్లాడుకుంటే అసర్ పడిందంటాం, తావీజు కడతాం. దువా చేయించమని మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులను మేము ముందుగా రెండే అడుగుతాం: బిడ్డ నిద్రపోతున్నాడా? డాక్టరుకు చూపించారా? రెండో ప్రశ్నకు చాలామంది తల దించుకుంటారు. దువా చేస్తాం, చేయకుండా పంపం. కానీ వైద్యం చేయించుకోమన్నది కూడా మన ప్రవక్త (స) బోధనే కదా.

దాచిపెట్టడం ఎంతదాకా పోతుందో తమిళనాడులోని ఏర్వాడిలో చూశాం. 2001 ఆగస్టు 6న దర్గా దగ్గరి ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది.

పదో శతాబ్దపు ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ మనసుకూ కలిపి ఒక వైద్య గ్రంథం రాశారు. కోపం, భయం, దుఃఖం, వస్వాస్‌లను అందులో విడివిడిగా చర్చించారు. 934లో మరణించిన మనిషి! మనసు జబ్బు వైద్యం పరాయి వాళ్ల సంగతి అనుకునే వారికి ఆయన పేరు చెప్పాలి.

కర్నూలు సర్వజన ఆసుపత్రిలో, కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. అక్కడిదాకా వెళ్లడానికి ఇంకా వెనకాడేవారు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ టెలిమానస్ సేవ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో అందరి ముందూ నోరు విప్పలేని అమ్మాయి మిద్దె మీదికి వెళ్లి అయినా చేసుకోవచ్చు.