మీకు తెలుసా? దూరపు దారే ముందు చేర్చింది!

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి విమాన దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. పోయినా అంతే, వచ్చినా అంతే. పట్టే సమయం మాత్రం ఒకటి కాదు. వెళ్లడానికి దాదాపు 4 గంటలైతే, తిరిగి రావడానికి మూడున్నర గంటలకు అటూఇటుగా సరిపోతుంది.

భూమి తిరుగుతుండటం వల్లేనేమో అనుకుంటారు చాలామంది. అదే నిజమైతే దుబాయే విమానానికి ఎదురొచ్చి, పోయేటప్పుడే త్వరగా చేరాలి కదా! భూమితోపాటు గాలీ తిరుగుతుంది, ఆ గాలిలో విమానమూ తిరుగుతుంది. కాబట్టి ఆ లెక్క చెల్లదు.

అసలు సంగతి పైన వీచే గాలిలో ఉంది. నేలకు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు గాలి నదిలా పారుతుంటుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. దాని వేగం ఒక్కోసారి గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. చలికాలంలో ఉత్తర భారతం మీద దీని ఉద్ధృతి ఎక్కువ. పడమరకు వెళ్లే విమానానిది ఏటికి ఎదురీత. తూర్పుకు వచ్చేదానిది వాలుకు పడ్డ పడవ తీరు.

ఈ గాలివాటు విలువెంతో 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా చేసి చూపించింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అంతకుముందు అట్లాంటిక్ మీదుగా వెళ్లేవారు. అది సుమారు 13,900 కిలోమీటర్లు. ఆ నెలలో విమానాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా పద్నాలుగున్నర గంటల్లోనే, పాత దారికన్నా గంటకు పైగా ముందే చేరింది. 1,400 కిలోమీటర్లు చుట్టు తిరిగినా, సమయం మిగిలింది!

దగ్గరి ఊళ్లకైతే గాలికన్నా నేల మీద గడిచేదే లెక్కకొస్తుంది. శంషాబాద్ నుంచి గన్నవరానికి గాల్లో దూరం 265 కిలోమీటర్లే. టికెట్టు మీద మాత్రం గంట, ఆ పైన చూపిస్తారు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు, అక్కడ దిగి ఆగేదాకా అంతా అందులోనే.

ఇక టికెట్టు చూసి పొరబడకండి. ఉదయం 10కి ఇక్కడ ఎక్కితే దుబాయ్‌లో దిగేసరికి అక్కడి గడియారంలో పన్నెండున్నర. అక్కడ 10కి బయల్దేరితే ఇక్కడికి చేరేది మధ్యాహ్నం 3కి. పోవడానికి రెండున్నర, రావడానికి ఐదు గంటలు అన్నట్టు కనిపిస్తుంది. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక. పోయేటప్పుడు ఆ గంటన్నర కలపండి, వచ్చేటప్పుడు తీసేయండి. అసలు ప్రయాణ సమయం తేలిపోతుంది.