విత్తనానికి ఏ కోడిపిల్లను ఉంచాలి? ఎందుకు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో నాటుకోళ్లు పెంచేవాళ్లు ప్రతి పిల్లనూ విత్తనానికి ఉంచకూడదు. ఎందుకు? తల్లిదండ్రుల గుణాలే కాదు, లోపాలూ పిల్లలకు రావచ్చు.

ఎలా ఎంచాలి? రెండు నెలలప్పుడు ముక్కు పై, కింది భాగాలు సరిగ్గా కలుస్తున్నాయా, కాళ్లు, వేళ్లు తిన్నగా ఉన్నాయా చూడాలి. రొమ్ము ఎముకను తడిమి వంకర ఉందేమో గమనించాలి.

ఆరు నెలలకు మళ్లీ చూడాలి. నాటుకోళ్లలో ఆంధ్ర జాతి అయిన అసీల్ నిదానంగా ఎదుగుతుంది, తొందరపడితే మంచి పుంజు పలావులోకి పోతుంది! పెట్టనైతే బాగా పొదిగే తల్లి పిల్లల్లోంచి ఎంచాలి.

ఈ పెట్టలకు జతకట్టే పుంజును మాత్రం వేరే ఇంటి నుంచి తేవాలి. తోబుట్టువులను జతకడితే దాగిన లోపాలు బయటపడవచ్చు, గుడ్లు సరిగా పిల్లలు కాకపోవచ్చు. ఒక పుంజుకు ఎనిమిది, పది పెట్టలు చాలు.